బి.డి. చదువు పాస్టరేట్‌లో ఎంతవరకు పనికొచ్చింది: పదేళ్లు దాటాక నా రివ్యూ

సెరంపూర్ బి.డి. (బ్యాచిలర్ ఆఫ్ డివినిటీ, పాస్టరు పనికి చదివే డిగ్రీ) చేసి, ఆర్డినేషన్ (పాస్టరుగా అభిషేకం) పొంది, గుంటూరు చుట్టుపక్కల పాస్టరేట్లలో (ఒక పాస్టరు చూసుకునే సంఘాల్లో) పదేళ్లకు పైగా పనిచేస్తున్నాను. చేరాలా వద్దా అని అడిగే కుర్రాళ్ల కోసం ఇది రాస్తున్నా.

సెరంపూర్ కాలేజీని విలియం కేరీ బృందం బెంగాల్లో 1818లో పెట్టింది. 1827లో డెన్మార్క్ రాజు ఇచ్చిన చార్టర్‌తో (అధికార పత్రంతో) డిగ్రీలిచ్చే హక్కు వచ్చింది. ఇప్పుడు దేశమంతటా చాలా థియలాజికల్ కాలేజీలు సెరంపూర్ సెనేట్ (డిగ్రీల సంగతి చూసే మండలి) పరీక్షలే రాయిస్తాయి. మామూలు డిగ్రీ ఉన్నవాళ్లకు బి.డి. నాలుగేళ్లు.

అందరూ భయపడేది బైబిలు మూలభాషలైన గ్రీకు, హీబ్రూలకి. బట్టీ పట్టి గట్టెక్కేయొచ్చు. నేను సగం మరిచిపోయాను. అయినా బైబిలు కామెంటరీ (వ్యాఖ్యాన పుస్తకం) చదువుతుంటే రచయిత ఎక్కడ సాగదీస్తున్నాడో పట్టుకునేంత మిగిలింది.

అసలు లాభం ఆస్పత్రి శిక్షణ. రోగి మంచం దగ్గర మాట్లాడి వచ్చాక ఆయన ఏమన్నాడో, మనం ఏమన్నామో గుర్తున్నంతవరకు వరసగా రాయాలి. దీన్ని వెర్బేటిమ్ అంటారు. గ్రూపులో చదివితే తోటివాళ్లు పెన్సిలు పట్టుకుని, "ఇక్కడ ఆయన కూతురి సంగతి చెప్పబోతుంటే నువ్వు కీర్తన ఎత్తుకున్నావు" అని గీత గీస్తారు. కొన్ని వారాలు అలా తిట్లు తింటే నోరు దానంతటదే అదుపులోకి వస్తుంది. ఇప్పుడు పెద్దాసుపత్రి వార్డుకి వెళ్తే ముందు స్టూలు లాక్కుని కూర్చుంటాను. ప్రార్థన చేయమంటారా అని అడిగాకే మొదలుపెడతాను. పక్క మంచం వాళ్లూ పిలుస్తారు, సంఘంతో ఏ సంబంధం లేనివాళ్లు కూడా.

ప్రసంగాల క్లాసు పర్వాలేదు. ఇరవై నిమిషాలు దాటకూడదని నేర్పారు. పల్లె సంఘంలో ఇరవై నిమిషాల్లో ముగిస్తే అయ్యగారికి ఒంట్లో బాగోలేదేమో అనుకుంటారు! పైగా పాఠాలన్నీ ఇంగ్లీషులో. వాటిని మిర్చి యార్డు హమాలీకి అందేలా చెప్పడం ఎవరికి వాళ్లు నేర్చుకోవాల్సిందే.

మా కాలేజీలో అసలు చెప్పనిది ఆఫీసు పని. క్రైస్తవ వివాహ చట్టం 1872 నాటిదని విన్నాం, అంతే. పెళ్లి ఉదయం 6 నుంచి సాయంత్రం 7 లోపు జరగాలని మామూలుగా ఆ చట్టం చెబుతుంది. గుళ్లో అందరూ కూర్చుని ఉండగా ఆరున్నరకి పెళ్లికొడుకు డీజే బండి వెనక ఇంకా బ్రాడీపేట దాటకపోతే ఆ టెన్షన్ ఏ సిలబస్‌లో ఉంటుంది? రిజిస్టరు నింపడం, కానుకల లెక్కలు, సమాధుల తోట హద్దు తగాదాలు కూడా అంతే. సెలవుల్లో మీ అయ్యగారి పక్కన కూర్చుని ఆ పుస్తకాలు చూడండి.

ఏడాది తిరక్కుండా "రెవరెండ్ డాక్టర్" అని ఫ్లెక్సీ కట్టుకునే దారులు విజయవాడలోనూ ఉన్నాయి. వాటికి రివ్యూ నేను రాయను.

ఒకటి గుర్తుంచుకోండి. డిగ్రీ చేతికొస్తే ఆర్డినేషన్ వచ్చినట్టు కాదు, అది ఇచ్చేది మీ సంఘం. సి.ఎస్.ఐ.లో (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియాలో) అయితే ముందు డీకన్ (తొలి మెట్టు), ఆ తర్వాతే ప్రెస్బిటర్ (పూర్తి స్థాయి పాస్టరు). మీ సంఘం సిఫారసు ఉత్తరం చేతికి రాకుండా సొంతంగా ఫీజు కట్టకండి.