రామ్‌స్టైన్ పేరులేని ఆల్బమ్: ఆరేళ్లు విన్నాక, నేను దాటేస్తూ వచ్చిన పాట గురించి

జర్మన్ మెటల్ బ్యాండ్ రామ్‌స్టైన్ చేసిన ఈ ఆల్బమ్‌లో రెండో పాట ‘రాడియో’. దాన్ని నేను దాదాపు మూడేళ్లు వినకుండా దాటేశాను. మొదటి పాట ‘డాయిచ్‌లండ్’ అయిపోగానే వేలు దానంతటదే మూడో పాట మీదకు వెళ్లిపోయేది.

కారణం బ్యాండ్‌లో కీబోర్డ్ వాయించే ఫ్లాకె. 2009లో వచ్చిన ఆల్బమ్ తర్వాత పదేళ్లకు వచ్చింది ఇది. గిటార్లు గుండె మీద కూర్చోవాలని ఎదురుచూసినవాణ్ణి. ‘రాడియో’లో ఏముంది? సన్నగా, చలాకీగా, ఒకసారి వింటే రోజంతా నోట్లో ఆడే కీబోర్డ్ ట్యూన్. జర్మన్ ఎలక్ట్రానిక్ బ్యాండ్ క్రాఫ్ట్‌వెర్క్ పాటలకు చుట్టంలా ఉంటుంది. రేడియోలో రావడానికే చేశారనుకున్నాను. అంతకుముందు ఆరు ఆల్బమ్‌లకూ పనిచేసిన ప్రొడ్యూసర్ యాకోబ్ హెల్నర్‌ని వదిలి ఓల్సెన్ ఇన్వోల్టీనితో చేశారు కాబట్టి ఇలా పలచబడిందని స్నేహితులతో వాదించాను కూడా. ఆ వాదన ఎంత తప్పో తర్వాత తెలిసింది.

నేనుండేది ఒకప్పటి తూర్పు జర్మనీ ఊరు డ్రెస్డెన్‌లో. చదువుకోవడానికి వచ్చి, ఉద్యోగంలో చేరి ఇక్కడే ఉండిపోయాను. 2022 చలికాలంలో ఒక పాత బీరువా కొన్నాను. కింది ఫ్లోర్‌లో ఉండే పెద్దాయన సాయానికి వచ్చారు. డెబ్బై దాటిన మనిషి, మెటల్ సంగీతమంటే అసలు పడదు. అద్దె వ్యాన్‌లో సీడీ పెట్టాను. రోడ్డు మీద మంచు ఉంది, నా రెండు చేతులూ స్టీరింగ్ మీదే ఉన్నాయి. ‘డాయిచ్‌లండ్’ అయిపోయి ‘రాడియో’ మొదలైంది. మార్చడానికి వీల్లేదు.

పెద్దాయన మాట్లాడుతున్నవారు ఆగిపోయారు. పాట సగంలో నా వైపు తిరిగి, “ఏం పాడుతున్నాడో అర్థమవుతోందా?” అన్నారు. పదాలు తెలుసన్నాను. అప్పటికి నా జర్మన్ ఆ మాత్రం వచ్చింది. చూడకూడదు, మాట్లాడకూడదు, వినకూడదు. అయినా రాత్రిళ్లు దొంగచాటుగా సంగీతం వీపెక్కి ఎటో వెళ్లిపోయే పిల్లవాడి పాట అది. “పదాలు సరే. డ్రెస్డెన్ సంగతి తెలుసా?” అన్నారు.

తూర్పు జర్మనీ కాలంలో పశ్చిమం వైపు టీవీ, ఎఫ్ఎం సిగ్నళ్లు ఎల్బె నది లోయలో ఉన్న ఈ ఊరికి అందేవి కావు. అందుకే మిగతా తూర్పువాళ్లు ఈ ప్రాంతాన్ని ‘ఏమీ తెలియనివాళ్ల లోయ’ అని ఎగతాళి చేసేవారు. అందేది మీడియం వేవ్, లాంగ్ వేవ్, షార్ట్ వేవ్ మాత్రమే. పెద్దాయన వాళ్ల నాన్న రాత్రి వంటింట్లో పశ్చిమం వైపు స్టేషన్ పెట్టి, రేడియో సౌండ్ బాగా తగ్గించి, స్పీకర్ ముందున్న బట్టకు చెవి ఆనించి వినేవారట. అయిపోయాక కట్టేసే ముందు ముల్లును తప్పకుండా తూర్పు జర్మనీ స్టేషన్ దగ్గరికి తిప్పేవారట. ఇంటికి ఎవరైనా వచ్చి రేడియో పెడితే ముల్లు ఎక్కడుందో చూస్తారని భయం. “నాకు ఆరేళ్లప్పుడే ఆ ముల్లు తిప్పడం నేర్పారు” అన్నారాయన.

వ్యాన్ ఇంటి ముందు ఆపాను. బీరువా దించలేదు. నాకు తెనాలిలో తాతయ్య రేడియో గుర్తొచ్చింది. సిలోన్ నుంచి వచ్చే తెలుగు పాటలంటే తాతయ్యకు ప్రాణం. షార్ట్ వేవ్‌లో ఆ స్టేషన్ ఒక పట్టాన దొరికేది కాదు కదా. అది సరిగ్గా తగిలేచోట అద్దం మీద నాయనమ్మ కాటుకతో చుక్క పెట్టేవారని నాన్న చెప్పేవారు. చెరిగిపోతే మళ్లీ పెట్టేవారట. మా ఇంట్లో స్టేషన్ తప్పిపోకుండా గుర్తు పెట్టుకున్నారు, వాళ్ల ఇంట్లో గుర్తే మిగలకుండా చేశారు. రెండు ఇళ్లలోనూ గరగరల మధ్య ఒక పాట కోసమే చెవి ఒగ్గి కూర్చున్నారు. పెద్దాయనకు ఈ మాట చెబితే చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత పాట మళ్లీ పెట్టమన్నారు.

ఆ రాత్రి హెడ్‌ఫోన్స్‌తో మొదటిసారి శ్రద్ధగా విన్నాను. గిటార్లు, డ్రమ్స్ కింద గోడలా ఉన్నాయి: బరువుగా, ఒకే వరసలో. కీబోర్డ్ వాటి మీదుగా ఎక్కడినుంచో తేలి వస్తుంది. ఆ ట్యూన్ తేలిగ్గా, తియ్యగా ఉండాల్సిందే. సరిహద్దు అవతలినుంచి ఆ పిల్లవాడి చెవికి చేరిన పాట అదే కాబట్టి. దాన్ని బరువుగా వాయిస్తే పాటే లేదు. ఫ్లాకె, గిటార్ వాయించే లాండర్స్ ఇద్దరూ తూర్పు బెర్లిన్‌లో పెరిగి, బెర్లిన్ గోడ ఉన్న రోజుల్లోనే ‘ఫీలింగ్ బి’ అనే పంక్ బ్యాండ్‌లో వాయించినవాళ్లు. ఆ కీబోర్డ్ ఎందుకలా మోగాలో వాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు.

అక్కణ్ణుంచి ఆల్బమ్ మొత్తం నాకు కీబోర్డ్ ఆల్బమ్‌గా మారిపోయింది. ‘డాయిచ్‌లండ్’ని మొదలుపెట్టేదే కీబోర్డ్. ‘వైట్ వెక్’లో పాటంతా దాని మీదే నడుస్తుంది.

కొన్నప్పుడు నేను ఆకాశానికెత్తిన పాట మాత్రం ‘పుప్పె’. అక్క పనికి వెళ్తూ గదిలో పెట్టి తాళం వేసిన పిల్లవాడు, వాడి చేతిలో బొమ్మ. పల్లవిలో బ్యాండ్ గాయకుడు లిండెమన్ గొంతు చీల్చుకుని అరిచే తీరు చూసి, ఇంతకుమించి ఆయన పాడలేదని అందరికీ చెప్పాను. ఆ మాట ఇప్పటికీ వెనక్కి తీసుకోను. కాని మా పాప పుట్టాక ఆ పాట ఇంట్లో పెట్టడం లేదు, ఏడాదికి ఒక్కసారి వింటానేమో. ‘సెక్స్’లో మళ్లీ మళ్లీ వచ్చే గిటార్ వరస (రిఫ్) బాగుంటుంది, అంతకుమించి నాకేమీ మిగల్లేదు. ‘టటూ’ కూడా దాదాపు అంతే.

‘ఆస్‌లెండర్’ గురించి ఒక మాట చెప్పాలి. ఆ పదానికి విదేశీయుడని అర్థం. నా వీసా ఆఫీసు పేరులో ఉండేది ఆ పదమే. అందుకే పాట పేరు చూసి నా గురించేమో అని ఆశపడ్డాను. కాదు. దేశదేశాలు తిరుగుతూ, తెలిసిన నాలుగు ముక్కలతో అమ్మాయిల వెంటపడే యూరప్ మగవాడి మీద పాట అది. వ్యంగ్యం ఎవరి మీదో అర్థమైంది, మంచి వ్యంగ్యమే. అయినా మొదటి ఏడాది నేను మాట్లాడినలాంటి విరిగిన జర్మన్‌ని అందులో వింటే ఇప్పటికీ ఎక్కడో గుచ్చుకుంటుంది.

కొనాలా అంటే, నా సంగతి వేరు. ఈ ఊళ్లో ఉంటున్నాను, భాష కొంత వచ్చింది, కింది ఫ్లోర్‌లో ఆ పెద్దాయన ఉన్నారు. ఇవేవీ లేకపోతే నేను ఇంకా ఆ రెండో పాట దాటేస్తూనే ఉండేవాణ్ణేమో. గిటార్ల బరువు కోసమే రామ్‌స్టైన్ వినేవాళ్లు ముందు 2001 నాటి ‘ముట్టర్’ దగ్గరికి వెళ్లడం మంచిది. దీన్ని కొన్నవాళ్లు మాత్రం ‘రాడియో’ని ఒక్కసారి రాత్రిపూట, సౌండ్ బాగా తగ్గించి వినండి. గిటార్లు దాదాపు వినిపించనంత తగ్గించినా ఆ కీబోర్డ్ వినిపిస్తూనే ఉంటుంది.