దీపాల ఫొటోలకు ఏది మేలు: 1.2 లెన్సా, 1.8 లెన్సా?

కార్తీకం దగ్గర పడితే మా తిరుపతి కుర్రాళ్లు అడిగేది ఒకటే. "అన్నా, నా 50 ఎంఎం 1.8 అమ్మేసి 1.2 తీసుకోమంటావా?" ఈ 1.2, 1.8 అంకెలు లెన్సు రంధ్రం (అపర్చర్) ఎంత తెరుచుకుంటుందో చెబుతాయి. అంకె చిన్నదైతే రంధ్రం పెద్దది.

పోయిన ఏడాది స్నేహితుడి దగ్గర పాత డిజైన్ 1.2 అడిగి తీసుకుని, నా 1.8తో పాటు కపిలతీర్థం పట్టుకెళ్లాను. చీకటి పడ్డాక కోనేటి మెట్ల నిండా ప్రమిదలు. ఒకే చోట నిలబడి రెండింటితోనూ తీశాను.

వెలుగు విషయంలో 1.2దే పైచేయి. 1.8 కంటే రెండింతలకు కాస్త ఎక్కువ వెలుగు లోపలికొస్తుంది. ఐఎస్‌ఓ (కెమెరా వెలుగును ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె) 3200 పెట్టాల్సిన చోట 1600 కూడా అక్కర్లేదు. అయితే ఆ లాభమంతా ఫ్రేము మధ్యలోనే. ఫుల్ ఓపెన్‌లో మూలలు బాగా చీకటి పడతాయి.

నా వరకు తేల్చేది మూలల్లోని దీపాలే. 1.2లో అవి చుక్కల్లా రాలేదు, రెక్కలు చాచిన పిట్టల్లా వచ్చాయి. దీన్నే కోమా అంటారు. లెన్స్ అంచుల గుండా ఏటవాలుగా వచ్చే కిరణాలు, మధ్యలోంచి వచ్చేవి ఒకే బిందువు దగ్గర కలవకపోవడం వల్ల వస్తుంది. రాత్రి దీపాల కోసమే 1977లో నికాన్ నాక్ట్ 58 ఎంఎం 1.2 తెచ్చి, ముందు గాజును ప్రత్యేకంగా అరగదీయించింది, ఈ రెక్కలను తగ్గించడానికే. ఇప్పటి పెద్ద 1.2లు దీన్ని బాగానే అదుపు చేస్తాయి, కాకపోతే బరువూ ధరా రెండూ ఎక్కువే.

1.8లోనూ రెక్కలున్నాయి, పొట్టివి. 2.8కి దించితే, అంటే రంధ్రం చిన్నది చేస్తే, దీపాలు దీపాల్లా నిలిచాయి. 1.2ను దించినా అంతే. దీపాల వరుసకు ఎలాగూ దించాల్సిందే అయినప్పుడు, ఆ పెద్ద అపర్చర్‌కి అంత డబ్బు ఎందుకు? 1.8 ఉంచుకోమనే చెబుతాను.

1.4 ఈ రెండింటికీ మధ్యస్తం, పాతది చవగ్గా దొరికితే చూడండి. 0.95 మాన్యువల్ లెన్సులతో జనంలో ఫోకస్ అందుకోవడం చాలా కష్టం.

ఒక్క మనిషి ముఖం తీయాలంటే మాత్రం 1.2 వేరే లోకం. మీటరు దూరంలో స్పష్టంగా వచ్చే లోతు సుమారు 3 సెంటీమీటర్లే. ప్రమిద వెలిగిస్తున్న మా అమ్మ ఫొటో దాంతోనే తీశాను. కనురెప్పలు స్పష్టంగా ఉన్నాయి, చెవి కమ్మలు అప్పటికే మెత్తగా కరిగిపోయాయి, వెనక దీపాల అంచుకు పల్చని ఆకుపచ్చ. ఆ రంగును నేను సరిచేయలేదు.