కారం మర: ఇంటి వీధిలోనా, పారిశ్రామికవాడలోనా?

ఒడిశాలోని బరంపురంలో మర పెట్టాలనుకునే మన తెలుగువాళ్లకు ఎప్పుడూ ఇదే సందేహం.

ఖర్చు: ఇంట్లో అద్దె మిగులుతుంది. వాడలో అద్దె, రవాణా రెండూ భారమే.

శబ్దం: అసలు తేడా ఇక్కడే. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ పరిమితి; పారిశ్రామిక ప్రాంతంలో 75, 70. ఉమ్మడి గోడ పక్కన మోటారు బిగిస్తే పొరుగింటి గూట్లో గ్లాసులు గలగలమంటాయి.

ఘాటు: దండెం మీది పసివాడి చొక్కాకు కారం అంటడం కళ్లారా చూశాను. ఆ ఏడుపు ఇప్పటికీ మరవలేను.

బియ్యప్పిండి మాత్రమే, అదీ పగలు కాసేపు ఆడితే, అనుమతి తీసుకుని, ఇరుగుపొరుగుకు చెప్పి ఇంటి దగ్గరే పెట్టుకోండి. మిరపకాయలు రోజంతా ఆడాలంటే మాత్రం వాడకే వెళ్లండి.