తమ్ముడికి పదిహేడు, అన్నకు పందొమ్మిది: ఉచిత వకీలు ఎవరికి, ఎలా?

ఒడిశాలోని పర్లాకిమిడిలోనో రాయగడలోనో ఒక తెలుగు కుటుంబంలోని అన్నదమ్ములిద్దరూ ఒకే కేసులో ఇరుక్కున్నారనుకుందాం. ఇల్లు ఒకటే, పేదరికం ఒకటే. ప్రభుత్వ ఖర్చుతో వకీలును పొందే దారులు మాత్రం వేరు.

తమ్ముడి దారి సులువు. 1987 నాటి న్యాయ సేవల అధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ కింద పిల్లలకు వయసే అర్హత. తండ్రి సంపాదనతో పని లేదు. పైగా న్యాయ సహాయం అందేలా చూడవలసిన బాధ్యత, పద్దెనిమిదేళ్లు నిండనివారి కేసులు విచారించే బాలల న్యాయ మండలిదే.

అన్నకు వయసు అక్కరకు రాదు. ఎస్సీ, ఎస్టీ అయినా, వికలాంగుడైనా, కస్టడీలో ఉన్నా ఆదాయం చూడరు. ఇవేవీ వర్తించకుండా బయట ఉన్నవాడు మాత్రం రాష్ట్ర ఆదాయ పరిమితికి లోబడాలి. అందుకే అరెస్టయిన రోజే దరఖాస్తు పెట్టమని నా గట్టి సలహా.

తమ్ముడి విషయంలో చిక్కంతా వయసు రుజువు దగ్గరే. ముందుగా బడి ఇచ్చిన పుట్టినతేదీ పత్రం లేదా మెట్రిక్ సర్టిఫికెట్ చూస్తారు. లేకపోతే మునిసిపాలిటీ, పంచాయతీ జనన పత్రం. అవీ లేనప్పుడే వైద్య పరీక్ష. పిల్లవాడు శ్రీకాకుళం వైపు చదివి ఉంటే ఆ బడికి వెంటనే మనిషిని పంపండి. నేరం జరిగిందంటున్న నాటి వయసే లెక్క, విచారణ నాటిది కాదు. నేరం నాటికి తాను మైనరునన్న అభ్యర్థన కేసు ముగిశాక కూడా చేయవచ్చు. ఎంత విలువైన హక్కో చూడండి!

కాగితాలు ఒడియాలో ఉంటే ఇద్దరూ అనువాదం అడగవచ్చు. ఉచిత న్యాయ సేవల్లో అదీ భాగమే. సహాయానికి ఫోను నంబరు 15100.