ఏ ఫ్రటర్నిటీ మేలు: పాతదా, దేశీదా, ప్రొఫెషనలా?

ఆగస్టు దగ్గర పడితే చాలు, అమెరికాలో మన తెలుగువాళ్ల ఇళ్లలో ఏ ఫంక్షన్‌కు వెళ్లినా ఇదే ప్రశ్న. "మావాడు ఫ్రటర్నిటీ అంటున్నాడన్నా, దేంట్లో చేరితే మంచిది?" ఫ్రటర్నిటీ అంటే ఇక్కడి కాలేజీల్లో గ్రీకు అక్షరాల పేర్లతో ఉండే విద్యార్థుల సంఘం. అసలు చేరాలా వద్దా అన్న చర్చలోకి నేను పోను. పిల్లవాడు రష్‌కి, అంటే ఈ సంఘాలు కొత్త సభ్యుల్ని ఎంచుకునే కార్యక్రమానికి, వెళ్లాలని తేల్చేసుకున్నాక అమ్మానాన్నల మాట ఎంతవరకు చెల్లుతుందో మీకూ తెలుసు. మా ఇంట్లోనూ ఈమధ్యే ఈ పంచాయితీ నడిచింది కాబట్టి, దేంట్లో అన్నదానిమీద నాకు కాస్త గట్టి అభిప్రాయమే ఉంది.

అందరూ ముందు డ్యూస్ (సభ్యత్వ రుసుము) ఎంతని అడుగుతారు, తర్వాత తాగుడు సంగతి. నేను చూసేది వేరు. కాలేజీ వదిలిన పదిహేనేళ్లకు ఫోన్ చేస్తే ఎత్తేవాళ్లు ఉంటారా? మన ఇంజినీరింగ్ కాలేజీల వాట్సాప్ గ్రూపులు చూడండి, అన్నీ ఒకే బ్యాచ్‌వి. మనకన్నా రెండేళ్లు ముందు చదివినవాళ్లలో ఎంతమంది పేర్లు గుర్తున్నాయి? ఫ్రటర్నిటీ కట్టు అలా ఉండదు. కొత్తగా చేరిన ప్రతివాడికీ పై ఏడాదివాడు ఒకడు 'బిగ్'గా ఉంటాడు. ఆ బిగ్‌కి ఇంకో బిగ్. అలా పైకి వెళ్తూ పోతే ఇప్పుడు చేరిన కుర్రాడికి ఎప్పుడో 2008లో బయటికి వెళ్లినవాడు కూడా వరసకు కలుస్తాడు. ఈ నిలువు బంధం పాతవి, మన దక్షిణాసియా పిల్లలు పెట్టుకున్న దేశీవి, చదివే కోర్సును బట్టి చేరే ప్రొఫెషనల్‌వి, మూడు రకాల్లోనూ ఉంది. ఎక్కడ ఎన్నాళ్లు నిలుస్తుందన్నదే తేడా.

పాత ఫ్రటర్నిటీల బలం ఇల్లు. ఒహాయోలోని మయామీ యూనివర్సిటీ ఒక్కచోటే 1839లో బీటా థీటా పై, 1848లో ఫై డెల్టా థీటా, 1855లో సిగ్మా కై పుట్టాయి. ఇలాంటి వాటి చాప్టర్ల (ఒక్కో కాలేజీలోని శాఖల) ఇళ్లు చాలాచోట్ల కాలేజీ చేతిలో ఉండవు, పాత సభ్యులు పెట్టుకున్న హౌస్ కార్పొరేషన్ చేతిలో ఉంటాయి. అందుకే పాత విద్యార్థులు తిరిగొచ్చే హోమ్‌కమింగ్‌కి డెబ్బై ఏళ్ల పెద్దాయన కూడా తను పడుకున్న గది చూసుకోవడానికి వస్తాడు. కాలేజీ చాప్టర్‌ని కొన్నేళ్లు సస్పెండ్ చేసినా, ఆ పెద్దలు ఇంటిని అట్టిపెట్టుకుని మళ్లీ మొదలుపెడతారు. ఇంత లోతు మిగతా రెండింటికీ లేదు, ఒప్పుకోవాల్సిందే. అయితే ఆ లోతులో మనవాడికి దక్కే వాటా ఎంత? అక్కడ తాత, తండ్రి, కొడుకు వరసగా చేరిన 'లెగసీ' కుటుంబాలుంటాయి. మనవాడు మొదటి తరం. పెద్దాయన చేయి కలుపుతాడు, భుజం తడతాడు, తన స్నేహితుడి మనవణ్ని మాత్రం గోల్ఫ్‌కి తీసుకెళ్తాడు. అన్నిచోట్లా ఇలాగే ఉంటుందని కాదు. ఈస్ట్ కోస్ట్‌లో చాలా చాప్టర్లు బాగా మారాయి, దక్షిణాది పెద్ద స్టేట్ యూనివర్సిటీల్లో ఆ మార్పు తక్కువ.

దేశీ ఫ్రటర్నిటీల వయసు మన పిల్లల తరానికి దగ్గర. అయోటా న్యూ డెల్టా 1994లో బింగ్‌హామ్టన్‌లో, సిగ్మా బీటా రో 1996లో యూనివర్సిటీ ఆఫ్ పెన్సిల్వేనియాలో, డెల్టా ఎప్సిలాన్ సై 1998లో ఆస్టిన్‌లో, బీటా కై థీటా 1999లో యూసీఎల్ఏలో మొదలయ్యాయి. అమ్మాయిలకైతే 1998లో హ్యూస్టన్‌లో పుట్టిన డెల్టా ఫై ఒమేగా లాంటివి ఉన్నాయి. వీటికి ఇళ్లు ఉండటం అరుదు. అందరికన్నా ముందు చేరినవాళ్లకే ఇప్పుడు యాభై దాటుతోంది, కాబట్టి కంపెనీ బోర్డుల్లో కూర్చున్న పెద్దమనుషుల కోసం వెతికితే కొద్దిమందే దొరుకుతారు. కానీ ఏడాదికి చేరేవాళ్లు వేళ్లమీద లెక్కపెట్టేంత మందే. వాళ్లు కలిసి 'క్రాస్' అవుతారు, అంటే ఒకేసారి పూర్తి సభ్యులవుతారు, ఆ తర్వాత విడిపోవడం కష్టం. డాలస్‌లోనో ఎడిసన్‌లోనో మన పెళ్లికి వెళ్లండి. సంగీత్‌లో పెళ్లికొడుకు పక్కన గ్రీకు అక్షరాలు పిలుచుకుంటూ గెంతే గుంపులో ఇరవై ఏళ్లవాడూ ఉంటాడు, ఇద్దరు పిల్లల తండ్రీ ఉంటాడు. ఇంట్లో పెద్దాయనకి బాగాలేదంటే రాత్రికి రాత్రి డ్రైవ్ చేసుకుంటూ వచ్చేదీ వాళ్లే. నాకు వీటిమీదే మొగ్గు అని ఈపాటికి తెలిసిపోయే ఉంటుంది.

చిక్కు ఏంటంటే, చిన్న చాప్టర్‌కి వరసగా రెండేళ్లు మనుషులు దొరక్కపోతే మూతపడుతుంది. ఇల్లు లేదు కాబట్టి పాతవాళ్లు తిరిగొచ్చే చోటే ఉండదు. అందుకే రష్‌లో పిల్లవాడితో ఒకే ప్రశ్న అడిగించండి. "మీ పోయిన ఈవెంట్‌కి ముప్పై దాటిన అల్యూమ్నీ ఎవరొచ్చారు?" పేర్లు గబగబా చెబితే చేరొచ్చు. "లింక్డ్‌ఇన్‌లో చాలామంది ఉన్నారు" అంటే వదిలేయండి.

ప్రొఫెషనల్ వాటిలో ఎక్కువగా వినపడేవి బిజినెస్‌కి ఆల్ఫా కాపా సై (1904), డెల్టా సిగ్మా పై (1907), ఇంజినీరింగ్‌కి థీటా టౌ (1904). సోషల్ ఫ్రటర్నిటీలకు (పైన చెప్పిన పాతవీ, దేశీవీ ఈ కోవవే) చదువులో ఆడామగా తేడా చూపొద్దనే టైటిల్ నైన్ చట్టంలో ఉన్న మినహాయింపు వీటికి లేదు, అందుకే అబ్బాయిలూ అమ్మాయిలూ కలిసే ఉంటారు. ఇంటర్న్‌షిప్ కావాలంటే వీటిని మించినవి లేవు. రెజ్యూమె దిద్దేవాళ్లు, మాక్ ఇంటర్వ్యూ చేసేవాళ్లు పాత సభ్యుల్లోనే దొరుకుతారు. ఉద్యోగం వచ్చాక ఆ ఫోన్లు తగ్గిపోవడమూ చూశాను. సోషల్ దాంట్లో ఉన్నవాళ్లు ఇందులోనూ చేరొచ్చు కాబట్టి, రెండో ఏడాదికి దీన్ని అట్టిపెట్టుకోవడం తెలివైన పని.

హేజింగ్, అంటే కొత్తగా చేరేవాళ్లను ఏడిపించే ఇక్కడి ర్యాగింగ్, గురించి ఒక్కటే. "మనవాళ్లదేలే, భయం లేదు" అనుకోకండి. 2017లో పెన్ స్టేట్‌లో కుర్రాడు చనిపోయింది పాత ఫ్రటర్నిటీలో అయితే, 2013లో న్యూయార్క్ బరూక్ కాలేజీ కుర్రాడు చనిపోయింది ఆసియన్ అమెరికన్ ఫ్రటర్నిటీ ట్రిప్‌లో. ర్యాగింగ్‌కి 1997లోనే ఆంధ్రప్రదేశ్‌లో విడిగా చట్టం వచ్చింది. ఇక్కడ దేశమంతటికీ వర్తించే స్టాప్ క్యాంపస్ హేజింగ్ యాక్ట్ 2024 డిసెంబరులో గానీ రాలేదు. దాని ప్రకారం, హేజింగ్ చేసినట్టు తేలిన సంఘాల వివరాలు కాలేజీ తన వెబ్‌సైట్‌లో పెట్టాలి. అందులో మీవాడు చెప్పిన పేరుంటే, అల్యూమ్నీ ఎంత గొప్పవాళ్లైనా సరే, వద్దనండి.

ఇండియన్ స్టూడెంట్స్ అసోసియేషన్, భాంగ్రా, రాస్ డ్యాన్స్ టీములు సరదాకి బాగుంటాయి, గ్రాడ్యుయేషన్‌తో అయిపోతాయి. ఎంఎస్‌కి వచ్చే మన పిల్లలకు మాత్రం అసోసియేషనే దారి, ఎందుకంటే సోషల్ ఫ్రటర్నిటీలు దాదాపుగా అండర్‌గ్రాడ్ వాళ్లవే. మంచి మార్కులవాళ్లను చేర్చుకునే టౌ బీటా పై లాంటి హానర్ సొసైటీలు రెజ్యూమెలో ఒక లైను.

ఇంకొకటి, మొదటి సెమిస్టర్‌లోనే తొందరపడక్కర్లేదు. చాలాచోట్ల స్ప్రింగ్‌లోనూ రష్ ఉంటుంది. ఈలోపు జీపీఏ ఎలా వస్తుందో తెలుస్తుంది, ఏ చాప్టర్ ఎలాంటిదో హాస్టల్ కబుర్లలోనే సగం బయటపడుతుంది.