‘హార్డ్ వాటర్‌కు కూడా’ అని స్టిక్కర్ ఉన్న గీజర్, నాలుగేండ్ల తర్వాత

ముందే చెప్తున్న, గీజర్ చెడ్డదేం కాదు, నా కోపమంతా దాని మీద అతికిచ్చిన నీలం స్టిక్కర్ మీదనే. ‘హార్డ్ వాటర్‌కు కూడా’, అంటె సున్నం ఎక్కువున్న నీళ్లకు గూడ, అన్న ఆ ఒక్క ముక్క చూసే పక్కన ఉన్నదానికంటె పదిహేను వందలు ఎక్కువ పెట్టి తెచ్చుకున్న. పదిహేను లీటర్లది, రెండు వేల వాట్లది, మిగతాదంతా అన్ని గీజర్ల లెక్కనే.

మేముండేది నల్గొండల, అద్దెకు. నల్లాకు కృష్ణా నీళ్లొస్తయి, అవి తాగేటందుకు, వంటకు సరిపోతయి, మీద ట్యాంకిలకు ఎక్కేది మాత్రం బోరు నీళ్లే. ఆ నీళ్లతోటి కందిపప్పు పెడితె కుక్కరు ఎన్ని కూతలు కూసినా పలుకు పలుకుగనే ఉంటది, స్టీలు గ్లాసు కడిగి బోర్లిస్తె తెల్లారేసరికి తెల్ల చారలు. టీడీఎస్ మీటర్ పెడితె 1100 చూపిచ్చింది, కానీ అది కరిగిన ఉప్పులన్నీ కలిపి చెప్తది, అందుల సున్నమెంతో చెప్పదు. చుక్కలేసి రంగు మారుడు చూసే కిట్టు తెప్పిచ్చి చూస్తె హార్డ్‌నెస్ 640 దాకా వచ్చింది. తాగే నీళ్లకు దేశ ప్రమాణాల సంస్థ బీఐఎస్ పెట్టిన హద్దు లీటరుకు 200 మిల్లీగ్రాములు, వేరే దిక్కు లేకుంటె 600. అదీ దాటినం.

మొదటి ఏడు మాత్రం మస్తు ఖుషీ అయిన. నాబు ఫుల్లుకు తిప్పితె అరగంట లోపల నీళ్లు సలసల, ఒక చెంబు వేడి నీళ్లకు రెండు చెంబులు చల్లనీళ్లు కలుపుకున్నా వేడి దిగకపోయేది, రెండు బకెట్లకు పైనే వచ్చేది, మా బావకు గూడ ఇదే కొనుమని నేనే చెప్పిన (ఆ సంగతి ఆయన ఇప్పటికీ మర్చిపోలే).

రెండో ఏడు చలికాలంల సప్పుడు మొదలైంది. స్విచ్ వేస్తె లోపల పేలాలు వేంచినట్టు టపటపటప. నీళ్లు కాగేటప్పుడు అంతేలే అనుకున్న. ఆ తర్వాత రెండు బకెట్లు ఒకటిన్నర అయినయి, మెల్లగ ఒకటి అయింది, నేనేమో చలి ఎక్కువున్నదని దాని మీద నెట్టేసిన. అందరూ కరెంటు బిల్లు పెరుగుతది అంటరు గదా, నాకైతె అంత తేడా కనవడలే.

పోయిన భోగి పొద్దుగాల నాలుగున్నరకు, ఇంటి నిండ చుట్టాలు, అందరికీ తలస్నానాలు, గీజర్ స్విచ్ వేసిన, రెండు నిమిషాలకు ఇల్లంతా చీకటి. బ్రేకర్ మళ్లీ లేపిన, మళ్లీ పడ్డది. గీజర్ వైరు పీకితె గానీ కరెంటు నిలవలే. చివరికి వాకిట్ల మూడు ఇటుకలు పెట్టి, పెద్ద గంజుల నీళ్లు పోసి కట్టెల మంట మీద కాగబెట్టినం, మా అత్తమ్మ అయితె ‘ఈ నీళ్లే మంచిగున్నయి బిడ్డా’ అన్నది, మెచ్చుకున్నదో దెప్పిందో నాకు తెల్వలే.

పండుగ అయినంక మెకానిక్ వచ్చి కింద బోల్టులు విప్పి, నీళ్లు కాగబెట్టే ఎలిమెంటు బయటికి గుంజితె రాలే. గుంజంగ గుంజంగ దాంతో పాటు తట్టెడు తెల్ల రాళ్లు కింద పడ్డయి. ‘అన్నా, ఇది గీజర్ కాదు, సున్నపు బట్టీ’ అన్నడు. ఎలిమెంటు చుట్టూ బొటనవేలంత మందం పొర, ఆ పొర వల్ల లోపలి వేడి నీళ్లల్లకు దిగక ఎలిమెంటే మాడి పగిలి, కరెంటు నీళ్లల్లకు లీకయి బ్రేకర్ పడ్డదట. పక్కన మెగ్నీషియం రాడ్ ఒకటి ఉండాలె, ట్యాంకుకు బదులు తుప్పు అది తింటది, మా దాంట్ల ఒట్టి తీగే మిగిలింది.

కంపెనీకి ఫోన్ చేస్తె అప్పుడు తెలిసింది స్టిక్కర్ అర్థం. ట్యాంకు లోపల గాజు పూత ఉంటదట, బోరు నీళ్లకు అది తుప్పు పట్టదట, అంతే. ట్యాంకుకు ఏడేండ్లు, ఎలిమెంటుకు రెండేండ్లు, సున్నం పేరుకుంటె వారంటీనే లేదు. మరి హార్డ్ వాటర్ చేసేదే సున్నం పేరుకునుడు గదా! అది తప్ప ఇంకేందో దానికి పనికొస్తదని స్టిక్కర్ వేసుడేందో.

పటికేస్తె పోతదా అని మామయ్య అడిగిండు. మా ఊరి పేరు మీద ఉన్న నల్గొండ టెక్నిక్ అదే, పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తగ్గిచ్చుడు. కానీ ఫ్లోరైడ్ వేరు, ఇది వేరు. దీనికి కారణం కాల్షియం, మెగ్నీషియం. నీళ్లు ఎంత కాగితె అంత తొందరగ సున్నం విడివడి వేడి ఉన్న కాడనే గడ్డ కడ్తది. అంటె మొదటి ఏడు నేను మురిసిన ఆ సలసల కాగుడే, ఎలిమెంటును తిన్నది గూడ.

కొత్త ఎలిమెంటు వేసినంక నాబు సగానికి దించిన. ఆరు నెల్లకోసారి మెయిన్ బంద్ జేసి, నీళ్లన్నీ వదిలి, నేనే బోల్టులు విప్పి ఎలిమెంటును నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లల్ల రాత్రంతా నానబెడ్తున్న, బుసబుస పొంగి పొద్దుగాలకు పొర ఊడిపోతది. బాత్‌రూం యాసిడ్ మాత్రం పోయకుండ్రి, అది సున్నంతో పాటు లోహాన్ని గూడ తింటది. వాషింగ్ మెషీన్‌ల గూడ నీళ్లొచ్చే కాడి జాలి తీసి గిట్లనే కడుగుతున్న, తువ్వాళ్లు అట్టల్లెక్క అయ్యుడు మాత్రం తప్పలే.

నాబు దించినంక పేలాల సప్పుడు లేదు, కానీ నీళ్లు బకెట్టుకు కొంచెం పైనే వస్తయి. మేం ముగ్గురమే కాబట్టి ఒకరి తర్వాత ఒకరం ఆగి పోసుకుంటె నడుస్తది, అయిదారుగురు ఉన్నోళ్లకు ఈ సైజు నేను చెప్పను. నీళ్లల్ల సున్నం తీసే, ఉప్పు పోసి నడిపే సాఫ్ట్‌నర్ పెడితె మొత్తం ఇంటికే లాభం, అద్దె ఇల్లు కాబట్టి ఓనర్‌ను అడిగి ఊకున్న. కృష్ణా నీళ్లు మీది ట్యాంకికి ఎక్కేటోళ్లయితె ఈ గీజరే కొనుక్కోవచ్చు, నా బాధ వాళ్లకు రాకపోవచ్చు. మా బావ ఇంటికాడ ట్యాంకికి ఆ కృష్ణా నీళ్లే, ఆయన గీజర్ ఇంతవరకు సప్పుడే చేయలే.

మెగ్నీషియం రాడ్ కోసం క్లాక్ టవర్ సెంటర్ల నాలుగు షాపులు తిరిగిన, మూడింట్ల అదేందని నన్నే అడిగిండ్రు, నాలుగో ఆయన హైదరాబాద్ నుంచి తెప్పిస్తనని పైసలు తీసుకున్నడు, ఇరవై రోజులైంది.