బొబ్బిలి "యుద్ధ స్మారకాల నడక" టూరుకి డబ్బు కట్టేముందు ఇది చదవండి

విజయనగరం నుంచి ఒక్కరోజు "యుద్ధ స్మారకాల నడక" పేరుతో ఆన్‌లైన్‌లో ఒక టూరు అమ్ముతున్నారు. అమ్మేవాళ్ల పేరు ఇక్కడ పెట్టడం లేదు, కింద రాసిన లక్షణాలతో మీరే గుర్తుపట్టగలరు.

తలకి 1,800 రూపాయలు. మొత్తం ముందే యూపీఐలో కట్టించుకుంటారు. ప్రకటనలో బొబ్బిలి కోట, యుద్ధ స్తంభం, వీణలు చేసే ఊరు గొల్లపల్లి, విజయనగరం కోట, పద్మనాభం అని ఐదు చోట్లు ఉంటాయి. పొద్దున్న 8 నుంచి సాయంత్రం 5 వరకు అంటారు. తీరా చూస్తే రోజులో సగానికి పైగా వ్యానులోనే గడిచిపోతుంది. కాలినడక అన్నీ కలిపి ముప్పావుగంట. బొబ్బిలి కోట దగ్గర గేటు బయటే ఫొటో తీసుకోమంటారు, స్తంభం దగ్గర పది నిమిషాలు ఆపుతారు. చివరికి "టైమైపోయిందండి" అని పద్మనాభాన్ని ఎత్తేస్తారు.

టైమ్ చాలకపోవడం అనుకోకుండా జరిగేది కాదు. విజయనగరం నుంచి బొబ్బిలి ఉత్తరంగా సుమారు 55 కిలోమీటర్లు. పద్మనాభం దానికి పూర్తిగా ఎదురు దిక్కున, భీమిలి వైపు, ఇప్పుడు విశాఖ జిల్లాలో ఉంది. బొబ్బిలి పోయి వెనక్కి వచ్చి మళ్లీ అటు వెళ్లాలి. మధ్యలో భోజనం, వీణల దుకాణం. 8 గంటలకి బయలుదేరే వ్యానులో ఇవన్నీ చూపించడం కుదరదని టూరు వేసినవాళ్లకి ముందే తెలుసు. అయినా పద్మనాభం పేరు వేసి డబ్బు తీసుకుంటున్నారు.

పద్మనాభం పోతే పోనీ అనుకోవడానికి లేదు. బొబ్బిలి మళ్లీ ఎలా లేచిందో చెప్పే చోటు అదే. 1757 జనవరి 24న ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు, విజయనగరం పెద విజయరామరాజు బలగాలు కలిసి బొబ్బిలి మట్టికోటని కూల్చాయి. రాజా రంగారావు యుద్ధంలో పోయాడు. శత్రువుల చేతికి చిక్కకూడదని కోటలోని ఆడవాళ్లని, పిల్లల్ని సొంతవాళ్లే చంపుకున్నారు. ఆ చావుల్లోంచి రంగారావు కొడుకు, పసివాడు చిన్న రంగారావు, బతికి బయటపడ్డాడు. అతనికి తండ్రి జమీ తిరిగి దక్కింది 1794లో. ఆ ఏడాది జూలై 10న పద్మనాభం దగ్గర ఈస్టిండియా కంపెనీ సైన్యంతో పోరాడి విజయనగరం రాజు చిన విజయరామరాజు చనిపోయాడు. ఆ తర్వాత కంపెనీ విజయనగరం సంస్థానాన్ని విడగొట్టి బొబ్బిలిని చిన్న రంగారావుకి ఇచ్చింది. ఒక ఊరు లేవడానికి మరో ఊరు పడిపోవడం కారణమైంది. ఈ రెండు చోట్లనీ కలిపి చెప్పకుండా ఒక్క బొబ్బిలి స్తంభం దగ్గర నిలబెట్టి చెబితే సగం కథే చెవిన పడుతుంది.

ఆ సగం కూడా తప్పుల తడక. గైడు చెప్పే వాటిలో మూడు తప్పులు గుర్తుంచుకోండి, ఏ గైడుకైనా పరీక్ష పెట్టడానికి పనికొస్తాయి. "బుస్సీ ఫిరంగులు పేల్చింది ఈ కోట మీదే" అని ఇప్పటి బొబ్బిలి కోటని చూపిస్తాడు. అది తర్వాత కట్టింది. 1757 నాటి మట్టికోట ఆ యుద్ధంలోనే నాశనమైంది. రెండోది, పెద విజయరామరాజుని, చిన విజయరామరాజుని ఒకరే అనుకుంటాడు. ఇద్దరి చావుకీ మధ్య 37 ఏళ్లున్నాయి. మూడోది, తాండ్ర పాపారాయుడు విజయనగరం కోటలోకి చొరబడి పెద విజయరామరాజుని చంపాడంటాడు. పాపారాయుడు పొడిచింది బొబ్బిలి పడిపోయిన కొద్ది రోజులకే, రాత్రిపూట, యుద్ధానికి వచ్చి విడిదిచేసిన గుడారంలో. సినిమా డైలాగులు వల్లించే గైడుకి ఇవేవీ అక్కర్లేదు. కానీ ఆ నేలమీద పిల్లలతో సహా జనం చచ్చిపోయారు. అక్కడ నిలబడి తప్పు చెప్పడం మాకు చాలా బాధగా ఉంది.

ఇప్పటి బొబ్బిలి కోట రాజకుటుంబం నివాసం. ముందుగా అనుమతి తీసుకోకపోతే లోపలికి పోనివ్వరు. "కోట సందర్శన" అని ఉంటే అనుమతి ఏ తేదీకి ఎంతమందికి తీసుకున్నారో అడగండి. జవాబు తడబడితే మీరు చూసేది గేటే. యుద్ధ స్తంభం కోటలో లేదు, విడిగా యుద్ధం జరిగిన చోట ఉంది. 1891లో బొబ్బిలి మహారాజా శ్వేతాచలపతి రంగారావు నిలబెట్టించారు. అక్కడ తీరిగ్గా చూడాలంటే అరగంటైనా కావాలి. నీడ తక్కువ కాబట్టి ఎండెక్కక ముందే చేరుకోవాలి. ఈ టూరు అక్కడికి మిట్టమధ్యాహ్నం తీసుకెళ్తుంది.

ప్రకటనలో బొమ్మల్ని కూడా నమ్మకండి. విజయనగరం కోట పేరుతో మోతీమహల్ ఫొటో వేసి ఉంటే అది పాతది, ఆ భవనాన్ని 2020లో కూల్చేశారు. ఊళ్లోని మూడు లాంతర్ల పాత స్తంభాన్ని కూడా ఆ ఏడాదే తీసేశారు. ఆ రెండు బొమ్మలూ ఇంకా వాడుతున్నారంటే, టూరు తయారుచేసినవాళ్లు ఈమధ్య ఆ దారిన నడవలేదనే అర్థం.

నిజంగా నడిచి చూడాలంటే విజయనగరమే బాగుంటుంది, వ్యాను అక్కర్లేదు. 1713లో మొదలైన కోట, మూడు లాంతర్ల దగ్గర పైడితల్లి చదురుగుడి, గురజాడ ఇల్లు, గంటస్తంభం, అన్నీ కాలినడక దూరమే. పైడితల్లిని పెద విజయరామరాజు చెల్లెలిగా ఇక్కడివాళ్లు కొలుస్తారు. బొబ్బిలి మీదికి యుద్ధానికి పోవద్దని అన్నని వారించిందని చెప్పుకుంటారు. యుద్ధ స్మారకాల టూరులో ఈ గుడి లేకపోవడం పెద్ద లోటు. దసరా తర్వాతి సోమ, మంగళవారాల్లో మాత్రం నడక టూరు బుక్ చేయకండి. పైడితల్లి జాతర తొలేళ్లు, సిరిమానోత్సవం జనంలో కోట చుట్టూ కదలడానికే ఉండదు.

గొల్లపల్లి పేరుతో దారిలో ఒక దుకాణంలో ఆపి బొమ్మవీణలు అమ్మిస్తారు. అసలు బొబ్బిలి వీణ పనసకర్రతో చేస్తారు. ఏకాండి వీణ అంటే కుండ (గుండ్రటి భాగం), దండి (పొడవాటి మెడ) ఒకే దుంగలోంచి చెక్కినవి. కుండ దండిని కలిసేచోట అతుకు గీత కనిపిస్తే అది ఏకాండి కాదు, ఆ ధర ఇవ్వకండి. పని జరిగే చోటు చూపించమనండి. దుకాణం దగ్గరే ఆపేస్తే కమిషను బేరమని అర్థం చేసుకోండి.

డబ్బు కట్టేముందు వాట్సాప్‌లో, రాతపూర్వకంగా అడగాల్సినవి: ఒక్కో చోట ఎన్ని నిమిషాలు, అందులో నడక ఎంత, కోట అనుమతి ఉందా, ఏదైనా చోటు వదిలేస్తే ఎంత వెనక్కిస్తారు. ఫోన్‌లో చెప్పిన మాట తర్వాత లెక్కకి రాదు. సగానికి మించి అడ్వాన్సు ఇవ్వకండి.

ఇప్పటికే కట్టి మోసపోయినవాళ్లు ప్రకటన స్క్రీన్‌షాట్, యూపీఐ రసీదు, ఆ రోజు టైమ్ కనిపించే ఫొటోలు దాచుకోండి. ప్రకటన తర్వాత మార్చేస్తారు, అందుకే స్క్రీన్‌షాట్ ముందు తీయాలి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చెయ్యండి. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయొచ్చు. 5 లక్షల రూపాయల లోపు వాటికి ఫీజు లేదు. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం మీరు ఉండే జిల్లాలోనే వేసుకోవచ్చు, శ్రీకాకుళంవాళ్లు విజయనగరం దాకా రానక్కర్లేదు. గడువు రెండేళ్లు.